పియానో నాదము : తాకి తొలగు సుత్తి కథ

మన పూర్వులు వాద్యములను నాలుగు తెగలుగా విభజించిరి. తంత్రులు గలవి తతములు. గాలితో పలుకునవి సుషిరములు. చర్మము మూసినవి అవనద్ధములు. తాళములవలె కొట్టగా మ్రోగునవి ఘనములు. భరతుని నాట్యశాస్త్రమునుండి వచ్చుచున్న ఈ విభాగము ఎంత నిండైనదనగా, 1914లో హార్న్‌బాస్టెల్, సాక్స్ అను పండితులు జర్మనీలో ప్రకటించిన వాద్య విభాగము కూడ ఇట్టి నాలుగు తెగలపైననే నిలిచినది.

ఈ నాలుగింటిలో పియానో దేనికి చెందును? మూత యెత్తి చూచినచో లోపల రెండు వందలకు పైగా ఉక్కు తంత్రులు బిగించియుండుట కనబడును. కావున అది తతవాద్యమే. కాని దానిని వీణవలె గోటితో మీటరు. వయొలిన్‌వలె కమానుతో పలికింపరు. దాని తంత్రులను సుత్తులు కొట్టును. కొట్టి మ్రోయించుట ఘనవాద్యముల లక్షణము. వాయించువాని వ్రేలు తంత్రిని ఎన్నడును తాకదు. వ్రేలికిని తంత్రికిని నడుమ కొయ్య, తోలు, ఉన్ని వీనితో కూర్చిన ఒక యంత్రము కలదు. ఆ యంత్రము చేయు పని యంతయు ఒక్క వాక్యములో చెప్పవచ్చును: సుత్తిని తంత్రిపైకి విసరుట, తాకిన వెంటనే దానిని తంత్రినుండి తొలగనిచ్చుట.

కొట్టుట సులభము, తొలగుట కష్టము. ఈ తొలగుటను సాధించిన చరిత్రయే పియానో చరిత్ర. నేడు బెంగుళూరు, చెన్నై, ముంబయి మున్నగు నగరములలో స్థిరపడిన మనవారి పిల్లలు పలువురు మీటల వాద్యములు నేర్చుచున్నారు. త్యాగరాజ కీర్తనలను వానిపై వాయింపవచ్చునా, కూడదా యను తర్కము మన యిండ్లలో వినబడుచునే యున్నది. ఆ తర్కమునకు సమాధానమును అభిరుచిలో వెదకుటకు ముందు, ఆ వాద్యపు నిర్మాణములో వెదకుట మేలు.

పియానోకు పూర్వము

పదునేడవ శతాబ్దపు ఐరోపాలో, ప్రభువుల కొలువులలోను ధనికుల ఇండ్లలోను, తంత్రులు గల మీటల వాద్యములు ముఖ్యముగా రెండు ఉండెను. హార్మోనియముపై మనము మెట్లు అని పిలుచు పలకలనే ఈ వ్యాసమున మీటలు అనుచున్నాను. వీణ మెట్లతో కలియకుండుటకై ఈ మాట వాడవలసివచ్చినది.

ఆ రెండింటిలో మొదటిది హార్ప్సికార్డ్. దీని మీట నొక్కినప్పుడు అవతలి కొనపై నిలిచియున్న సన్నని కొయ్యబద్ద పైకి లేచును. ఆ బద్దకు అమర్చిన పక్షియీక ముక్క తంత్రిని మీటి దాటిపోవును. వైణికుని గోరు చేయు పనినే ఇక్కడ ఈక చేయుచున్నది. నాదము స్పష్టముగను, మిలమిలలాడుచును ఉండును. కాని ఒక లోపము: మీటను మెల్లగా నొక్కినను, బలముగా నొక్కినను, ఈక ఇంచుమించు ఒకే బలముతో మీటును. వాయించువాని మనసులోని హెచ్చుతగ్గులు తంత్రికి చేరవు.

రెండవది క్లావికార్డ్. దీని మీట కొనపై చిన్న ఇత్తడి రేకు నిలిచియుండును. మీట నొక్కగానే ఆ రేకు లేచి తంత్రిని తాకి, వ్రేలు మీటపై నున్నంతసేపు తంత్రికే అంటియుండును. ఇక్కడ వ్రేలి బలము తంత్రికి నేరుగా చేరును. మెల్లగా తాకిన మెల్లగాను, గట్టిగా తాకిన కొంత గట్టిగాను పలుకును. అంతేకాదు, తాకిన పిమ్మట మీటను కొంచెము కదలించినచో తంత్రి బిగువు మాఱి స్వరము ఊగును. మన గమకములలోని కంపితమునకు ఇది దూరపు చుట్టము వంటిది. కాని రేకు తంత్రికి అంటియుండుట వలనను, అది తాకుచోటు తంత్రి కంపించు భాగపు కొనయే యగుట వలనను, నాదము మిక్కిలి చిన్నది. ఒక గదిలో కూర్చున్న నలుగురికి వినబడుటయే గొప్ప.

ఇట్లు ఒకదానికి కంఠమున్నది, భావము లేదు. రెండవదానికి భావమున్నది, కంఠము లేదు. ఇక తంత్రులను చిన్న కఱ్ఱలతో కొట్టు వాద్యములు కూడ లేకపోలేదు. కాశ్మీరపు సంతూర్ అట్టిదే. ఐరోపాలోను దాని బంధువులు ఉండెను. వానియందు కఱ్ఱ వాదకుని చేతిలోనే యుండుటచే, తాకి ఎగిరి తొలగుట చేతి నేర్పుచే జరుగును. కాని చేతులు రెండే గదా! పదివ్రేళ్లకు పది సుత్తులు కావలెనన్న, ఆ నేర్పును యంత్రమునకు నేర్పవలెను.

ఫ్లారెన్సు శిల్పి

ఆ పని చేసినవాడు బార్తొలోమియో క్రిస్తోఫోరి. ఇటలీ దేశమున పాదువా నగరమునందు 1655లో జన్మించి, వాద్యములు చేయు వృత్తిలో పేరు గడించెను. 1688లో ఫ్లారెన్సు రాకుమారుడగు ఫెర్డినాండో దె మెదీచి ఇతనిని తన కొలువున చేర్చుకొనెను. రాకుమారునకు సంగీతముపైనను యంత్రములపైనను సమానమైన ఆసక్తి. 1700లో వ్రాయబడిన ఆ కొలువు వాద్యముల పట్టికలో, క్రిస్తోఫోరి క్రొత్తగా కల్పించిన వాద్యమొకటి, మెల్లగాను బిగ్గరగాను పలుకునది, పేర్కొనబడినది. ఇటలీ భాషలో 'పియానో' అనగా మెల్లగా, 'ఫోర్తే' అనగా బిగ్గరగా. ఆ రెండు మాటలు కలిసి వాద్యమునకు పేరాయెను. కాలక్రమమున రెండవ సగము జాఱిపోయి, బిగ్గరగా పలుకుటకై పుట్టిన వాద్యమునకు 'మెల్లగా' అను పేరే మిగులుట వింత.

క్రిస్తోఫోరి ఎదుర్కొన్న చిక్కు ఇది. మీట కొనపై సుత్తిని నేరుగా నిలిపినచో, వ్రేలు మీటపై నున్నంతసేపు సుత్తి తంత్రిని ఒత్తుచునే యుండును. గుడిగంటను కొట్టిన నాలుక గంటకే అంటియుండినచో నాదము చచ్చిపోవును గదా! అట్లే ఇక్కడను జరుగును. అట్లని సుత్తిని తంత్రికి చాల దూరముననే ఆపివేసినచో, మెల్లగా నొక్కినప్పుడు అది తంత్రిని చేరనే చేరదు.

దీనికి అతడు కనిపెట్టిన ఉపాయము అద్భుతమైనది. మీటకును సుత్తికిని నడుమ ఒక చిన్న కొయ్యపుల్లను, మఱొక తులాదండమును అమర్చెను. మీట నొక్కినప్పుడు ఆ పుల్ల తులాదండమును, తులాదండము సుత్తిని పైకి నెట్టును. సుత్తి తంత్రిని చేరుటకు వెండ్రుకవాసి ముందు పుల్ల ప్రక్కకు జాఱిపోవును. అప్పటినుండి సుత్తికి ఆధారము లేదు. అది తనకు అబ్బిన వేగముతోనే మిగిలిన దూరము ఎగిరి, తంత్రిని తాకి, వెనుకకు పడును. బంతిని విసరిన చేయి బంతి వెంట పోదు. విసరునప్పుడు ఇచ్చిన వేగమే బంతితో పోవును. పియానో సుత్తియు అట్టిదే. పడిన సుత్తి మరల ఎగిరి తంత్రిని రెండవసారి తాకకుండ పట్టుకొనుటకు వేఱొక ఏర్పాటును, వ్రేలు తీయగానే తంత్రిని తాకి నాదమును అణచుటకు మెత్తలను కూడ అతడు కూర్చెను. నేటి పియానోలోని ముఖ్యాంగములు అన్నియు ఇట్లు తొలిదినములలోనే ఏర్పడినవి.

1711లో సిపియోనె మఫేయి అను పండితుడు ఈ వాద్యమును గుఱించి చిత్రముతోగూడ ఒక వ్యాసము ప్రకటించెను. క్రిస్తోఫోరి 1731లో మరణించెను. అతడు చేసిన పియానోలలో మూడు మాత్రము నేటికి మిగిలినవి. 1720 నాటిది న్యూయార్కులోను, 1722 నాటిది రోములోను, 1726 నాటిది లైప్‌జిగ్‌లోను వస్తుప్రదర్శనశాలలయందు భద్రపఱుపబడియున్నవి. వానిలోని సుత్తి తలలను కాగితమును చుట్టగా చుట్టి, జిగురుతో అంటించి, పైన తోలు తొడిగి చేసిరి. అంత తేలికైన సుత్తి, సన్నని తంత్రులు, కొయ్య చట్రము: ఆ నాదము నేటి పియానో నాదముకంటె హార్ప్సికార్డ్ నాదమునకే దగ్గఱ.

ఒకటిన్నర శతాబ్దపు మార్పులు

స్వదేశమున ఈ వాద్యమునకు ఆదరణము అంతగా లభింపలేదు. మఫేయి వ్యాసము 1725లో జర్మన్ భాషలోనికి పరివర్తితమాయెను. గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మాన్ అను ప్రసిద్ధ వాద్యశిల్పి జర్మనీలో పియానోలు చేయసాగెను. సంగీతాచార్యుడగు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ వానిని పరిశీలించి, తారస్థాయి బలహీనముగను, మీటలు బరువుగను ఉన్నవని దోషము పట్టెనట. సిల్బర్‌మాన్ ఆ లోపములను సవరించెను. 1747లో బాఖ్ ప్రష్యా ప్రభువగు ఫ్రెడరిక్ కొలువునకు వెళ్లినప్పుడు సిల్బర్‌మాన్ పియానోలపై వాయించెను. 1768లో ఆయన కుమారుడు యోహాన్ క్రిస్టియన్ లండనులో బహిరంగ సభలో పియానోపై ఒంటరిగా వాయించెను. 1777లో మొజార్ట్ ఆగ్స్‌బర్గు నగరమున స్టైన్ అను శిల్పి చేసిన పియానోలను చూచి, సుత్తి తొలగు ఏర్పాటు వానియందు చక్కగా కుదిరినదని తండ్రికి వ్రాసెను. వాదకునకు ఆ తొలగుట ఎంత ముఖ్యమో ఈ ఒక్క విషయమే చాటుచున్నది.

ఇంకొక చిక్కు మిగిలియుండెను. ఒకే స్వరమును వెంటవెంటనే పలికింపవలెనన్న, మీట పూర్తిగా పైకి వచ్చి, పుల్ల మరల తన చోట కూర్చుండువఱకు ఆగవలెను. 1821లో పారిస్‌కు చెందిన సెబాస్టియన్ ఎరార్ దీనికి పరిష్కారము కనుగొనెను. అతని ఏర్పాటులో సుత్తి పడునప్పుడు మొదలంట పడక, ఒక తులాదండముపై నడుమనే నిలుచును. మీట సగము లేచినను చాలు, పుల్ల సుత్తి క్రిందికి వచ్చి చేరును; మరల కొట్టవచ్చును. నేటి పెద్ద పియానోలు అన్నియు ఈ సూత్రముపైననే నడచుచున్నవి. 1826లో పారిస్‌లోనే పాప్ అను శిల్పి సుత్తులకు తోలు మాఱుగా ఒత్తిన ఉన్నిని, అనగా ఫెల్టును, తొడిగెను. నాదమునకు గుండ్రదనము వచ్చెను.

అంతలో సంగీతము రాజమందిరములనుండి వేయిమంది కూర్చుండు శాలలకు వచ్చెను. పెద్ద నాదమునకు మందమైన తంత్రులు, వానికి ఎక్కువ బిగువు కావలెను. ఆ బిగువునకు కొయ్య చట్రములు వంగిపోయెడివి. 1825లో బోస్టన్ నగరవాసి ఆల్ఫియస్ బాబ్కాక్ పియానోకు ఒకే పోతగా పోసిన ఇనుప చట్రమును కల్పించెను. 1859లో న్యూయార్కు నగరపు స్టైన్‌వే సంస్థవారు పెద్ద పియానోలో మంద్రస్థాయి తంత్రులను ఇతర తంత్రులపైగా ఏటవాలుగ సాగదీయు పద్ధతికి ప్రత్యేక హక్కు పొందిరి. దానిచే పొడవైన తంత్రులకు చోటు దొరకుటయేగాక, అవి నాదఫలకపు నడిమి భాగమున ఆనుటకు వీలయ్యెను. పందొమ్మిదవ శతాబ్దాంతమునకు మీటలు 88గా స్థిరపడినవి. నేటి పెద్ద పియానోలో తంత్రుల మొత్తపు బిగువు సుమారు 20 టన్నులు. అనగా అయిదు ఏనుగుల బరువునకు దరిదాపు.

తంత్రినుండి చెవివఱకు

ఇక నాదము పుట్టు విధమును చూతము. మీట క్రిందికి దిగు దూరము సుమారు 10 మిల్లీమీటర్లు. అంతలో సుత్తి దానికి నాలుగయిదు రెట్ల దూరము ఎగురును. సుత్తి తంత్రిని తాకియుండు కాలము మంద్రస్థాయిలో సెకనులో వేయవవంతులు మూడు నాలుగు; తారస్థాయి కొనలో ఒక వేయవవంతుకంటెను తక్కువ. ఆ క్షణకాలములోనే వాదకుని ఉద్దేశమంతయు తంత్రికి చేరిపోవలెను. తాకునప్పటికే సుత్తి మీటను విడిచియుండును గనుక, తంత్రికి చేరునది ముఖ్యముగా ఒక్కటే: సుత్తి వేగము.

వేగము హెచ్చినచో నాదము పెద్దదగుట మాత్రమే కాదు, దాని రంగు కూడ మాఱును. ఏ తంత్రియైనను మ్రోగునప్పుడు ఆధారస్వరముతోబాటు, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపనములు గల అతిస్వరములు కూడ సన్నగా పలుకుచుండును. తంబురాను శ్రద్ధగా విన్నవారికి ఇవి పరిచితములే. మెల్లగా వచ్చిన సుత్తికి ఫెల్టు మెత్తగా నుండును. అతిస్వరములు తక్కువగా లేచి నాదము తీయగా నుండును. వేగముగా వచ్చిన సుత్తికి ఫెల్టు నొక్కుకొనిపోయి గట్టిపడును. అతిస్వరములు ఎక్కువగా లేచి నాదము పదునెక్కును. కావుననే వాడుకచే ఫెల్టు గట్టిపడిన పాత పియానో గరుకుగా పలుకును; పనివారు ఫెల్టును సూదులతో గ్రుచ్చి మెత్తపఱతురు.

తంత్రి సన్ననిది, అది తనంత తాను గాలిని కదలింపజాలదు. కావున తంత్రి ఒక గుఱ్ఱముమీదుగా సాగి, ఆ గుఱ్ఱము తన కదలికను క్రిందనున్న నాదఫలకమునకు అందించును. వీణయందు గుఱ్ఱమునకును కుండకును గల సంబంధమే ఇక్కడను. పియానో నాదఫలకము స్ప్రూస్ అను దేవదారుజాతి వృక్షపు కొయ్యతో, సుమారు ఒక సెంటీమీటరు మందమున, కొంచెము ఉబ్బెత్తుగా చేయబడును. మనము వినునది నిజమునకు ఈ కొయ్య పలుకు నాదమే. తేమగాలికి ఈ ఫలకము ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. దానితో శ్రుతి మాఱును. సముద్రతీర నగరములలో పియానోను శ్రుతిలో నిలుపుట కష్టమగుటకు కారణమిదియే.

మంద్రస్థాయి కొనను స్వరమునకు ఒక్కొక్క తంత్రి చొప్పున, రాగితీగ చుట్టి బరువెక్కించినవి, ఉండును. పిమ్మట రెండేసి, మధ్య తారస్థాయిలలో మూడేసి తంత్రులు ఉండును. ఒకే సుత్తి ఆ మూడింటిని ఒకేసారి కొట్టును. మూడును కలిసి కదలినప్పుడు గుఱ్ఱమును బలముగా కుదిపి, తమ శక్తిని త్వరగా వ్యయపఱచుకొనును. కాని వాని శ్రుతులలో లేశమాత్రము భేదముండుటచే కొంతసేపటికి అవి ఎడపడును. అప్పుడు ఒకటి గుఱ్ఱమును పైకి లాగగా మఱొకటి క్రిందికి నెట్టును. శక్తి వ్యయము తగ్గి, మిగిలిన నాదము సన్నగా చాలసేపు నిలుచును. పియానో స్వరము మొదట త్వరగా తగ్గి, పిమ్మట నెమ్మదిగా కరగుటకు ఇదియే ముఖ్యకారణమని 1977లో గేబ్రియల్ వైన్‌రైఖ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు నిరూపించెను. నిపుణుడగు శ్రుతికారుడు మూడు తంత్రులను సరిచేయునప్పుడు నాదపు ఆయువును కూడ సరిచేయుచున్నాడన్నమాట.

కలకత్తాలో జరిగిన పరిశోధన

సుత్తి తంత్రిని తాకియుండు ఆ అల్పక్షణమున ఏమి జరుగునో గణితముతో చెప్పుట సులభము కాదు. 1895లో కౌఫ్‌మన్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికొక సిద్ధాంతము ప్రతిపాదించెను. దానిని పరీక్షించి విమర్శించినవారిలో మనదేశీయులు ఉండుట గర్వింపదగిన సంగతి. 1920లో సి. వి. రామన్, బి. బెనర్జీ అనువారు ఈ విషయముపై వ్రాసిన వ్యాసమును లండనులోని రాయల్ సొసైటీవారు ప్రకటించిరి.

రామన్ 1888లో తిరుచిరాపల్లిలో జన్మించినను, ఆయన బాల్యము గడచినది విశాఖపట్టణమునందు. తండ్రి అచటి కళాశాలలో అధ్యాపకుడు. పిమ్మట కలకత్తాలో ప్రభుత్వోద్యోగము చేయుచునే ఆయన తంత్రీవాద్యములను గుఱించి పరిశోధనలు సాగించెను. భార్య లోకసుందరి వీణ వాయించెడివారు. 1921లో రామన్ వీణ, తంబురాలను గుఱించి ఒక వ్యాసము ప్రకటించి, వాని గుఱ్ఱముల వంపు తిరిగిన తలమువలన, పాశ్చాత్య వాద్యముల సూత్రము ప్రకారము పలుకగూడని అతిస్వరములు కూడ పలుకునని చూపెను. పియానో సుత్తిని, తంబురా గుఱ్ఱమును ఒకే కంటితో పరిశీలించిన ఆ మహనీయునకు 1930లో నోబెల్ బహుమానము కాంతి పరిశోధనకై లభించినను, ఆయన మొదటి కృషి నాదమునందే వేళ్లూనినది.

పొందినది, విడిచినది

క్రిస్తోఫోరి ఫ్లారెన్సున పని మొదలుపెట్టుటకు అర్ధశతాబ్దికి ముందే, తంజావూరిలో వేఱొక వాద్యము నేటి రూపమునకు వచ్చినది. 1600 మొదలు 1634 వఱకు తంజావూరు నేలిన తెలుగు ప్రభువగు రఘునాథనాయకుని కాలమున, స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 స్థిరమైన మెట్లు గల వీణ యేర్పడినదని ప్రసిద్ధి. దేశాంతరమున నిలిచిన ఒక తెలుగు కొలువు దక్షిణదేశ సంగీతమునకు ఇచ్చిన కానుక అది. స్థాయిని 12 స్థానములుగా నిలుపుట రెండు వాద్యములకును సమానమే. అయినను దారులు వేఱైనవి. ఎట్లనగా:

వీణలో కుడిచేయి తంత్రిని మీటి తొలగును. కాని ఎడమచేతి వ్రేలు తంత్రిపైననే నిలుచును. ఆ వ్రేలు తంత్రిని మెట్టుపై ప్రక్కకు లాగి బిగువు పెంచగా, ఒకే మెట్టుపై రెండు మూడు స్వరములు జాఱుచు పలుకును. నాదము పుట్టిన పిమ్మటనే మన సంగీతము దానితో పని మొదలుపెట్టును. తోడిలోని గాంధారము నిలకడగా నిలిచిన స్థానము కాదు. అది ఒక ఊగుదల. పియానోలో నాదము పుట్టిన క్షణముననే వాదకుని అధికారము తీఱిపోవును. అటుపై అతడు చేయగలది, మీట విడిచి నాదమును అణచుట, లేదా కాలిమీట నొక్కి అణచు మెత్తలను ఎత్తి నిలుపుట మాత్రమే. క్లావికార్డులో నుండిన ఆ చిన్న ఊగుదలను సైతము పెద్ద నాదము కొఱకు పియానో విడిచినది.

శ్రుతి విషయమున మఱొక త్యాగము. ఏ స్వరమును షడ్జముగా గైకొన్నను వాయింప వీలగునట్లు, కాలక్రమమున పియానో స్థాయిని 12 సమానభాగములుగా విభజించిరి. సహజముగా అంతర గాంధారము షడ్జమునకు 1.25 రెట్లు, సమవిభాగమున అది సుమారు 1.26 రెట్లు. పంచమము 1.5 రెట్లు కావలసినచోట కొంచెము తక్కువ. తంబురా శ్రుతికి అలవడిన చెవికి ఈ గాంధారము ఎక్కువైనట్లు తోచుట భ్రమ కాదు.

మఱి ఈ త్యాగములకు ప్రతిఫలమేమి? పదివ్రేళ్లు పది స్వరములను, ఒక్కొక్కదానిని ఒక్కొక్క బలముతో, ఒకేసారి పలికింపగలవు. ఆ పదింటిలో ఒకదానిని ముందుకు తెచ్చి, తక్కినవానిని నీడగా నిలుపవచ్చును. పలు స్వరముల కూడికపై నిలిచిన పాశ్చాత్య సంగీతమునకు ఇది వరము. ఒకే స్వరపు నడకపై నిలిచిన మన సంగీతమునకు ఆ వరముతో పని తక్కువ. విడిచినదానితోనే పని యెక్కువ.

అందుచేతనే మనవారు పాశ్చాత్య వాద్యములలో వయొలిన్‌ను అక్కున జేర్చుకొనిరి. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు, తంజావూరు వడివేలు మున్నగువారు పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున దానిని మన సంగీతమునకు అనువుపఱచిరి. వ్రేలు తంత్రిపై నిలుచు వాద్యమది. బెంగుళూరిలో 1893లో పుట్టి, విశాఖపట్టణమున పెరిగి, విజయనగర సంగీత కళాశాలకు అధ్యక్షత వహించిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి చేతిలో అది పరదేశపు వాద్యమని ఎవరికి తోచినది? మీటల వాద్యమగు హార్మోనియమునకు మాత్రము వేఱు గతి పట్టెను. 1940 మొదలు 1971 వఱకు ఆకాశవాణి దానిని నిషేధించెను. గమకము పలుకదు, స్వరస్థానములు సరిగా లేవు అనునవియే ఆనాటి ప్రధానమైన ఆక్షేపణలు.

అయినను రెండు సంగీతములను వేఱువేఱుగా ఎఱిగి రెండింటిని సేవించుట అసాధ్యము కాదు. మైసూరు మహారాజు జయచామరాజ ఒడయరు (1919-1974) పియానో విద్యయందు ఉత్తీర్ణుడు. రష్యాదేశీయుడగు నికొలాయ్ మెట్నర్ అను వాగ్గేయకారుని రచనలను గ్రామఫోను పలకలపైకి ఎక్కించుటకు ఆయన ధనసహాయము చేసెను. మెట్నర్ తన మూడవ పియానో కచేరీ రచనను ఆయనకు అంకితమిచ్చెను. ఆ మహారాజే కర్ణాటక సంగీతమున 90కి పైగా కృతులు రచించెను. ఆయన కృతులను పియానో కొఱకు వ్రాయలేదు; పియానో రచనలను రాగములుగా మార్చబూనలేదు. దేని స్థానమున దానిని గౌరవించెను.

నేటి మీటల పలక

నేడు మన పిల్లల యెదుట నున్నవి చాలవఱకు విద్యుత్తుతో పలుకునవి. వానిలో తంత్రియు లేదు, సుత్తియు లేదు. నిజమైన పియానో స్వరములను ముందుగా పట్టి నిలువచేసి, మీట నొక్కినప్పుడు వానినే వినిపించుట వానిలో పెక్కింటి పద్ధతి. అయినను మీట క్రింద సాధారణముగా రెండు స్పర్శస్థానములు అమర్చియుండును. మీట మొదటిదానిని దాటి రెండవదానిని చేరుటకు పట్టిన కాలమును కొలిచి, యంత్రము వేగమును లెక్కగట్టును. 1983లో వచ్చిన మిడి అను ఒడంబడిక ప్రకారము ఆ వేగమునకు 1 మొదలు 127 వఱకు అంకె యిత్తురు. సుత్తి పోయినను సుత్తి వేగము మిగిలినది. క్రిస్తోఫోరి ఊహ మూడు శతాబ్దముల పిమ్మట ఒక అంకెగా జీవించుచున్నది.

ఇంతకంటె విశేషమైనది మఱొకటి కలదు. ఈ వాద్యములలో పెక్కింటికి ఎడమప్రక్కన ఒక చిన్న చక్రముండును. కుడిచేతితో మీట నొక్కి, ఎడమచేతితో ఆ చక్రమును త్రిప్పినచో స్వరము పైకి గాని, క్రిందికి గాని జాఱును. మనవారిలో కొందఱు దీని సాయముననే గమకములు పలికించుచు కర్ణాటక సంగీత కచేరీలు చేయుచున్నారు. వీణలో ఎడమచేయి చేయు పని, క్లావికార్డులో వ్రేలు చేసిన పని, పియానోలో తొలగిపోయిన పని, ఇట్లు మరల ఎడమచేతికే వచ్చి చేరినది.

కావున మన యిండ్లలోని ఆ తర్కమునకు సమాధానము ఔనని గాని, కాదని గాని ఒక్క మాటలో లేదు. ఏ వాద్యమైనను తాను దేనికై నిర్మింపబడెనో దానిని చక్కగా చేయును. పియానోపై నేర్చు బిడ్డకు ముందుగా ఆ వాద్యపు స్వభావమునే తెలుపవలెను: నీ వ్రేలు ఇచ్చు వేగమే నీ మాట, అది తాకిన క్షణముననే చెప్పవలసినదంతయు చెప్పవలెను. కీర్తన నేర్చు బిడ్డకు వేఱొక పాఠము: స్వరము పుట్టిన పిమ్మట దానిని విడువకుము. చక్రము లేని మీటల వాద్యముపై తోడి రాగము నేర్పి, అదియే తోడి యని ఆ బిడ్డను నమ్మించుట మాత్రము తగదు. వాద్యమునందు లేని గమకము బిడ్డ చెవిలో నుండవలెను. అందుకై ఇంట ఎవరైనను పాడుచుండవలెను. తల్లిదండ్రుల కంఠము ఏ మీటకును లొంగునది కాదు గదా!